మాత్రకీ పొడికీ మధ్య నాలుగు గంటలు

బిలాస్‌పూర్ బుధవారీ బజారులో నాకంటే బాగా బేరమాడే మనిషి లేదని నేనే చెప్పుకుంటే బాగుండదు గాని, లేదు. కూరలవాడి దగ్గరా చీరలవాడి దగ్గరా ఎవరైనా తగ్గిస్తారు. 2022 వానాకాలంలో నేను ఒక పెద్ద డాక్టరు చీటీ మీద రాసిన నాలుగు గంటల్ని అరగంటకి తగ్గించాను. ఆయనకి ఫోను కూడా చెయ్యకుండా, నా మందుల షాపులో స్టూలు మీద కూర్చుని, గ్లాసు టీ చల్లారేలోపు తగ్గించాను. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో అంత పెద్ద తగ్గింపు ఎప్పుడూ సాధించలేదు. అంత పెద్ద తప్పూ ఎప్పుడూ చెయ్యలేదు.

నా పెంపకం అలాంటిది మరి. మా తాత శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి లోకో షెడ్డులో ఫిట్టరుగా చేరాడు. మా నాన్నకి ఆ గ్రీజు మరకలు పడలేదు. రైల్వే క్వార్టర్ల పక్కన కిరాణా కొట్టు పెట్టాడు. అప్పట్లో ఆ వీధిలో నిలబడితే హిందీ వినిపించేది కాదు. చింతపండు, బెల్లం, ఎండు చేపలు, గోగునార సంచుల వాసన, వాటి మీదుగా షెడ్డు నుంచి వచ్చే బొగ్గు పొగ. నేను గల్లాపెట్టె పక్కన బియ్యం బస్తా మీద కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నాను. ఎక్కాలకంటే ముందు ఇంకోటి నేర్చుకున్నాను: చెప్పే ధర వేరు, ఇచ్చే ధర వేరు. నాన్న పది అంటే ఏడు. ఏడు అని ముందే చెబితే అది అయిదవుతుంది, అందుకని పది. లోకంలో ప్రతి అంకె వెనకా ఇలాంటి చిన్న అంకె ఒకటి దాక్కుని ఉంటుందని నా గట్టి నమ్మకం.

రాయ్‌పూర్‌లో ఫార్మసీ డిప్లొమా చదివి వచ్చి, నాన్న కొట్టు పక్క గదిలోనే మందుల షాపు తెరిచాను. మందుల షాపంటే చీటీ చూసి డబ్బా అందివ్వడమే అనుకుంటారు చాలామంది. అందివ్వడం చిన్న పని. ఏ మందు ఎప్పుడు, దేని ముందు, దేని తర్వాత, దేనికి దూరంగా వేసుకోవాలో మనిషికి ఎక్కేలా చెప్పడం అసలు పని.

పైడిరాజు అన్నయ్య నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. మూడు వరసల అవతల క్వార్టరు వాళ్ళది. చెడ్డీ వేసుకుని మా కొట్టుకి గోలీసోడాకి వచ్చేవాడు. పెద్దయ్యాక లోకో పైలట్ అయ్యాడు, అంటే మనం ఇంజను డ్రైవరు అనే ఉద్యోగం. గూడ్సు బళ్ళు నడిపేవాడు. కోర్బా గనులనుంచి బొగ్గు రేకులు తేవడం, ఖాళీ రేకులు వెనక్కి తీసుకెళ్ళడం. రేకు అంటే ఒక ఇంజను వెనక కట్టిన వ్యాగన్ల వరస మొత్తం. నాకంటే ఆరేళ్ళు పెద్ద. నాకు యాభై దాటినా ఆయన నోట 'పాపా' అనే మాటే.

2019లో ఆయనకి గాల్ బ్లాడర్‌లో రాళ్ళని ఆపరేషను చేసి దాన్ని తీసేశారు. గాల్ బ్లాడర్ అంటే లివరు కింద వేలాడే చిన్న సంచి, పిత్తాశయం. ఆ తర్వాతనుంచి ఆయన మా షాపుకి వారానికోసారి రావడం మొదలుపెట్టాడు. కొనేది ఒకటే, లోపరమైడ్. విరేచనాన్ని బిగపట్టే మాత్ర. తింటే చాలు కడుపు పరుగు. ఇంజను క్యాబులో మరుగుదొడ్డి ఉండదని మీలో ఎంతమందికి తెలుసో. గూడ్సు బండి ఎర్ర సిగ్నలు దగ్గర ఆగితే ఈయన నీళ్ళ సీసా పట్టుకుని సాల చెట్ల అడవిలోకి దిగేవాడు. ఈయన రాకముందే సిగ్నలు పచ్చగా మారితే, బండి ఎందుకు కదల్లేదని కంట్రోలు ఆఫీసునుంచి రాతపూర్వకంగా ప్రశ్న వచ్చేది.

"ఏటి రాయమంటావు పాపా? కడుపులో సిగ్నలు పడిందని రాయనా?" అనేవాడు.

ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. నేను మాత్రల పట్టీలు లెక్కపెట్టి ఇచ్చేదాన్ని. మూడేళ్ళు నవ్వాం. మూడేళ్ళలో ఒక్కసారి కూడా నేను "ఈ పరుగు ఆపరేషను తర్వాతేనా?" అని అడగలేదు. వారం వారం వచ్చే ఖాతాదారుని అలాంటి ప్రశ్నలు అడిగి పంపించేసుకునే అలవాటు మా ఇంటా వంటా లేదు.

ఆయనకి ఒక కోరిక ఉండేది. పాసింజరు బండి నడపాలి. గూడ్సు పైలట్లకి వరస ప్రకారం పాసింజరు బళ్ళకి పిలుపు వస్తుంది. ఆయనకి రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ 'ఇష్టం లేదు' అని సంతకం పెట్టి ఇచ్చాడు. గూడ్సు అయితే అడవిలో ఆగుతుంది. పాసింజరు స్టేషనులో ఒక్క నిమిషం ఆగుతుంది. ఆ నిమిషంలో ఎక్కడికి పరిగెత్తడం? రిటైరుమెంటుకి మూడేళ్ళుండగా, 2022లో, మూడో పిలుపు వచ్చింది. ఇది పోతే మరి రాదు.

"ముప్పై ఏళ్ళనుంచి నా యెనకాల బొగ్గే పాపా. ఒకపాలి జనం ఉంటే ఎలగుంటాదో సూడాలని ఉంది. పిల్లలు కిటికీలోంచి సేతులూపుతారు కదా, అలగ."

ఆ మాట అన్నాక కూడా జేబులోంచి పెన్ను తీసి, 'ఇష్టం లేదు' కాగితం నా కౌంటరు మీద పెట్టి రాయబోయాడు. అప్పుడు మాత్రం నాకెందుకో చెయ్యి ఆగలేదు. కాగితం లాక్కున్నాను. రాయ్‌పూర్‌నుంచి వారానికి రెండురోజులు వచ్చే కడుపు డాక్టరు దగ్గరికి పంపించాను. గత మూడేళ్ళలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

ఆ డాక్టరు ఆయన్ని ఏకబిగిన పది నిమిషాలు ప్రశ్నలు అడిగాడట. మొదటి ప్రశ్నే, "ఇది ఆపరేషను ముందు ఉండేదా?" చీటీలో కొలెస్టిరమిన్ అనే పొడి ప్యాకెట్లు రాశాడు. బిలాస్‌పూర్‌లో అది అడిగేవాళ్ళు అరుదు. డీలరుకి ఫోను చేసి, ధర తగ్గించి, బస్సులో తెప్పించాను.

"ఏటి పాపా ఇది? సున్నంలాగున్నాది."

"పైత్యాన్ని పట్టుకునే పొడి అన్నయ్యా."

"పైత్యమా? ఒలమ్మా, నాకు పిచ్చి అని రాసీసేడేటి ఆయన?"

అప్పుడు ఆయనకి చెప్పినట్టే మీకూ చెబుతాను. లివరు కొలెస్ట్రాల్‌నుంచి బైల్ యాసిడ్స్ అనే పదార్థాలు తయారుచేస్తుంది. తెలుగులో పిత్తామ్లాలు అనవచ్చు. నెయ్యి అంటిన గిన్నెకి సబ్బు ఎలాంటిదో, మనం తిన్న కొవ్వుకి అవి అలాంటివి. కొవ్వుని చిన్న చిన్న బొట్లుగా విడగొట్టి ఒంటికి పట్టేలా చేస్తాయి. అవి లేకపోతే నెయ్యీ పట్టదు, కొవ్వుతోపాటు వచ్చే ఎ, డి, ఇ, కె విటమిన్లూ పట్టవు. తిన్నప్పుడు వదలడానికి వాటిని దాచిపెట్టే గోదాము గాల్ బ్లాడర్. గోదాము తీసేస్తే సరుకు అదేపనిగా పేగులోకి కారుతూ ఉంటుంది. చాలామందికి దానివల్ల ఇబ్బంది ఉండదు. కొందరికి ఉంటుంది.

"మా నాన్న కొట్లో గోలీసోడా గుర్తుందా?" అన్నాను.

"సీసా తిరిగి ఇయ్యకపోతే మీ నాన్న వీధి సివరిదాకా తరిమీవోడు. ఎలగ మర్చిపోతాను?"

"లివరూ మా నాన్నలాంటిదే. సోడా తాగాక సీసా వాపసు ఇవ్వాలి. చిన్నపేగు చివర్లో ఆ యాసిడ్స్‌ని దాదాపు అన్నింటినీ ఏరి మళ్ళీ లివరుకి పంపించేస్తుంది ఒళ్ళు. అవే సీసాలు రోజుకి ఎన్నోసార్లు తిరుగుతాయి. నీకు వాపసు సరిగ్గా జరగడం లేదు. మిగిలినవి పెద్దపేగులోకి పోయి అక్కడ నీళ్ళు లాగుతున్నాయి. అదీ నీ పరుగు."

"అచ్ఛా. లోడు దింపీసేక ఎంప్టీ రేకు గనికి ఎల్లిపోవాల. నాది ఎల్లటం నేదు. ఎదరకొచ్చీసి యార్డు జామ్ సేస్తన్నాది. అంతేనా?"

నేను చెప్పినదానికంటే అది బాగుంది. తర్వాత చాలామందికి ఆయన మాటల్లోనే చెప్పాను. పొడి చేసే పనల్లా, దారి తప్పిన ఆ యాసిడ్స్‌ని పేగులోనే అంటిపెట్టుకుని బయటికి తీసుకుపోవడం. పోయినవాటి బదులు లివరు కొత్తవి చేసుకోవాలి కాబట్టి కొలెస్ట్రాల్ ఖర్చవుతుంది. ఈ పొడిని కొలెస్ట్రాల్ తగ్గించడానికీ వాడేది అందుకే. అక్కడితోనూ అయిపోదు. ఆ యాసిడ్స్ మనం అనుకున్నట్టు ఉత్త సబ్బు కాదనీ, ఒంట్లో చక్కెరనీ కొవ్వునీ ఎలా వాడుకోవాలో చెప్పే కబుర్లు కూడా మోస్తాయనీ ఇప్పుడు వైద్యులు అంటున్నారు.

ఇదంతా తెలిసినదాన్ని. ఆ పొడికున్న చెడ్డ గుణమూ తెలుసు. దానికి చూపు లేదు. పక్కన ఏ మందు ఉంటే దాన్ని కూడా పట్టేసుకుంటుంది. పైడన్నయ్యకి ఎన్నో ఏళ్ళనుంచి థైరాయిడ్ తక్కువ. పొద్దున్నే పరగడుపున థైరాక్సిన్ మాత్ర వేసుకుంటాడు. అందుకే డాక్టరు చీటీ మీద కింద గీత గీసి మరీ రాశాడు: మాత్ర వేసుకున్నాక నాలుగు గంటలు ఆగి పొడి.

"నాలుగ్గంటలా? పాపా, నాకు డ్యూటీ కాల్ వచ్చిన రెండు గంటల్లో ఇంజను మీదుండాల. లెగుస్తాను, మాత్ర ఏసుకుంతాను, ఇంత తినీసి పోతాను. పొడి తిండికి ముందు తాగాలంతావు. నాలుగ్గంటలు తినకుండా ఎలగ?"

"మూడు?"

"మూడు గంటలకి నాను గేవ్రా గని కాడ ఉంతాను."

"పోనీ రెండు."

"అరే, సిగ్నలు కాడ గలాసు కలుపుకుని కూకోమంతావేటి?"

"గంట అన్నయ్యా. ఆఖరు మాట."

"గడ్డం గీసుకుని తానం సేసేసరికి అరగంటవుతాది. అరగంటయితే సేత్తాను. నేకపోతే నా వొల్ల కాదు, ఆ కాయితం ఇలగియ్యి, సంతకం ఎట్టీస్తాను."

అంత దూరం వచ్చిన బేరాన్ని వదులుకోవడం నా వల్ల కాలేదు. డాక్టర్లు నాలుగంటే జనం రెండు చేస్తారని ముందే లెక్కేసి నాలుగు చెబుతారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పది అంటే ఏడు కదా. స్కెచ్ పెన్ను తీసి పొడి ప్యాకెట్ల డబ్బా మీద పెద్ద అక్షరాలతో 'మాత్ర తర్వాత అరగంటకి' అని రాశాను. ఆయన టీ తాగేసి, పాసింజరు కాగితం మీద 'ఇష్టమే' అని సంతకం పెట్టి వెళ్ళాడు.

వారం తిరిగేసరికి ఆయన భార్య నూకాలు వదిన గిన్నె నిండా చేపల పులుసు తెచ్చింది. "మీ అన్నయ్య నెయ్యేసుకుని తింతన్నాడమ్మా! మూడేళ్ళయింది ఇంట్లో నెయ్యి కాసి. బస్సెక్కి రతన్‌పూర్ గుడికి ఎల్లొచ్చేం. దారిలో ఒక్కపాలి కూడా దిగలేదు." ఆ వారంలో ఆమె నడక వేరు. నా నడకా వేరే. నా కౌంటరు దగ్గరికి వచ్చినవాళ్ళందరికీ పేరు చెప్పకుండా ఆ కథ చెప్పాను. ఆ రెండు నెలలూ నా షాపు జీవితంలో ఇప్పటికీ తలుచుకుంటే తియ్యగా ఉండే రోజులు. పొద్దున్నే లైన్ మీదినుంచి వస్తూ, భుజాన సంచితో ఆగి, ఏం తిన్నాడో లెక్క చెప్పేవాడు. బెండకాయ వేపుడు. గుడ్డు పులుసు. బెల్తరా ఊరి నుంచి ఎవరో తెచ్చిన నాటుకోడి. ఆకలి తీరిన మనిషి మాటలు వినడం ఎంత బాగుంటుందో అప్పుడు తెలిసింది.

సెప్టెంబరులో ఆయన స్వెట్టరు వేసుకుని వచ్చాడు. బయట ఉక్కపోత.

"సలేస్తన్నాది పాపా," అన్నాడు. గొంతు బొంగురుపోయింది. మొహం ఉబ్బింది.

"నెయ్యి ఎక్కువైంది. వదినతో చెప్పి మాన్పించేస్తాను," అన్నాను.

విరేచనం రెండురోజులకోసారి అవుతోందన్నాడు. పొడి గుణం అది, నీళ్ళు ఎక్కువ తాగమన్నాను. అదొక్కటీ విడిగా చూస్తే నిజమే. చలి, గొంతు, ఉబ్బు, మలబద్ధకం నాలుగూ కలిపి ఒక్క వరసలో పెట్టి చూస్తే ఫార్మసీ మొదటి సంవత్సరం పిల్లలు కూడా చెప్పేస్తారు, థైరాయిడ్ మందు అందడం లేదని. నేను చూడలేదు. నేను కుదిర్చిన బేరం బాగుందనే చూస్తున్నాను.

ఆ తర్వాతి వారం పట్టపగలు, కట్నీ లైనులో ఖోంగ్‌సరా స్టేషను దాటి ఘాట్ ఎక్కుతుండగా, పైడన్నయ్య కళ్ళు మూతపడ్డాయి. పక్కన ఉండే అసిస్టెంటు పైలట్ ఇంజను లోపలి భాగాలు చూసిరావడానికి వెనక వరండాలోకి వెళ్ళాడు. ఇంజనులో విజిలెన్స్ పరికరం ఒకటి ఉంటుంది. కాసేపు డ్రైవరు ఏ మీటా కదపకపోతే అది మోగుతుంది, అయినా కదలకపోతే తనే బ్రేకు వేసేస్తుంది. వేసింది. ఖాళీ రేకు ఎక్కుడులో నిలబడిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. అదే లోడు బండి అయ్యుంటే, దిగుడు అయ్యుంటే, అని ఆలోచన పోయినప్పుడల్లా నేను ఇప్పటికీ లేచి మంచినీళ్ళు తాగుతాను.

ఆయన్ని ఇంజను దించేశారు. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ చాలా ఎక్కువ వచ్చింది. థైరాయిడ్ తక్కువైతే దాన్ని పని చెయ్యమని అరిచే హార్మోను అది. అరుపు ఎంత పెద్దదైతే లోటు అంత పెద్దది. ఫైలులో ఒక్క వాక్యం రాశారు: 'రోగి థైరాయిడ్ మాత్రలు వాడటం లేదు.'

ఇదంతా నాకు చెప్పింది నూకాలు వదిన. ఆరోజు చేతిలో గిన్నె లేదు, మందుల సంచి ఉంది.

"రోజూ ఏసుకుంతాడమ్మా. నా సేత్తో నీళ్ళందిస్తాను. అబద్దం ఆడతన్నాడంతన్నారు. మందు మానీసి ఇంజనెక్కినోడికి జనాన్ని ఎలగ అప్పజెప్తామంతన్నారు. పాసింజరు ట్రైనింగు వొచ్చే నెల్లో. అది పోతే పోయిందనుకో, అబద్దాలకోరు అన్న మాట మోసుకుని రిటైరు అవాలా?"

సంచి కౌంటరు మీద బోర్లించింది. మాత్రల పట్టీలు సరిగ్గా లెక్కకి సరిపోయాయి. పక్కన పొడి డబ్బా. దానిమీద నా చేతిరాత, పెద్ద అక్షరాలతో.

"వదినా, అన్నయ్య నా పేరు చెప్పలేదా? అరగంట అని నేను చెప్పినట్టు?"

"మెడికల్ పాప సెప్పింది సెప్పినట్టే సేసేనన్నాడు నాతో. ఆళ్ళకి సెప్పలేదు. ఏటి, సెప్పాలా?"

ఆమెకి అర్థం కాలేదు. ఆయనకి మాత్రం అర్థమయ్యే ఉంటుంది, లేకపోతే దాచడు. డబ్బా నా దగ్గర ఉంచమన్నాను.

వెంటనే పరిగెత్తాననుకుంటున్నారేమో. లేదు. రెండురోజులు కూర్చున్నాను. లైసెన్సు గోడమీద నన్నే చూస్తూ ఉంది. ఈసారి బేరం నాతో నాకే. మొదటిరోజు ఒక ఉత్తరం రాశాను: 'మందుల మధ్య ఎడం విషయంలో రోగి పొరపాటుగా అర్థం చేసుకుని ఉండవచ్చు.' చక్కని వాక్యం. ఆయనకి అబద్ధాలకోరు అనే పేరు పోతుంది, తెలివితక్కువవాడనే పేరు వస్తుంది, నాకేమీ రాదు. రెండోరోజు దాన్ని 'సమాచారలోపం జరిగి ఉండవచ్చు' అని మార్చాను. ఇంకా చక్కగా ఉంది. అందులో మనుషులే లేరు. మధ్యాహ్నం షట్టరు సగం దించి ఆ కాగితం పైకి చదువుకున్నాను. నాన్న తూకంలో మోసం చేసిన రోజులు నాకు తెలుసు. దొరికినరోజు మాత్రం తప్పు తక్కెడ మీదికి నెట్టేవాడు కాదు. కాగితం చింపేసి, డబ్బా సంచిలో వేసుకుని ఆటో ఎక్కాను.

రైల్వే మెడికల్ ఆఫీసరు గదిలో పైడన్నయ్య అప్పటికే బెంచీ మీద ఉన్నాడు, స్వెట్టరుతో. నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు, వద్దన్నట్టు. నేను డబ్బా బల్లమీద పెట్టాను. ఆఫీసరు హిందీ మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు.

"ఇది ఎవరి చేతిరాత?"

"నాదే సార్. అరగంట అని రాసి ఉంది."

"డాక్టరు చీటీలో ఎంత ఉంది?"

"నాలుగు గంటలు."

"మరి మిగతా మూడున్నర గంటలు ఏమయ్యాయి?"

"బేరంలో పోయాయి సార్."

ఆయన నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు. బెంచీ మీదినుంచి పైడన్నయ్య లేచాడు. "సర్, గల్తీ నాది. పాపని నానే సతాయించేను," అని సగం హిందీలో సగం తెలుగులో మొదలుపెట్టాడు.

"అన్నయ్యా, కూర్చో. నువ్వు అడుగుతావు. అడగడం నీ పని. కాదనడం నా పని. దానికే ఆ లైసెన్సు," అన్నాను.

జరిగినదంతా రాసిచ్చి సంతకం పెట్టాను. మాత్ర రోజూ కడుపులోకి వెళ్ళింది, పొడి దాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోయింది, రోగి తప్పు లేదు, చెప్పినది నేను. ఆఫీసరు ఫైలులో పాత వాక్యం కొట్టేసి కొత్తది రాశాడు. తర్వాత పైడన్నయ్యని ఒక ప్రశ్న అడిగాడు.

"నువ్వు పడుకుంటే ఎన్ని గంటలు నిద్రపోతావు?"

"డ్యూటీ దిగేక ఆరు గంటలు సర్. అది పగలవనీ, రాత్రవనీ."

"అయితే తిన్న మూడుగంటలకి, పడుకోబోయే ముందు మాత్ర. లేచాక తిండికి ముందు పొడి. నిద్రే నీ నాలుగు గంటలు."

అంతే. నేను టీ తాగుతూ బేరమాడిన చోట, ఆఫీసరు గడియారం గురించి కాకుండా మనిషి రోజు గురించి అడిగాడు. నేను అంకె తగ్గించడానికే చూశాను గాని, ఆ అంకెకి పైడన్నయ్య బతుకులో చోటెక్కడుందో వెతకలేదు.

మందు మళ్ళీ ఒంటబట్టి, టీఎస్‌హెచ్ దిగి, పరీక్షలన్నీ అయ్యి ఆయన తిరిగి ఇంజను ఎక్కేసరికి నూట పదకొండు రోజులు పట్టింది. ఈలోగా పాసింజరు ట్రైనింగు వచ్చింది, వెళ్ళింది. ఆయన చోటు తర్వాతి వరసలోవాడికి పోయింది. నాకు మందుల శాఖనుంచి నోటీసు వచ్చింది. జవాబిచ్చాను, హెచ్చరికతో వదిలారు. ఆ తర్వాత నా షాపులో ఒక పద్ధతి మారింది. ఎవరికైనా కొత్త మందు ఇస్తే ముందు పాత మందులన్నీ బల్లమీద పెట్టించేదాన్ని. ఎప్పుడు లేస్తారు, ఎప్పుడు తింటారు, ఎప్పుడు పడుకుంటారు అని అడిగేదాన్ని. 'ఎన్నాళ్ళనుంచి?' అని కూడా. బజారులో నాకు నసమనిషి అని పేరొచ్చింది.

పైడన్నయ్య 2025లో రిటైరయ్యాడు. ఆఖరి రోజు నడిపింది కూడా బొగ్గు రేకే. ఇంజనుకి బంతిపూల దండలు వేశారు. మర్నాడు మిఠాయి డబ్బాతో షాపుకి వచ్చాడు. అప్పటికి నేనూ షాపు మరిది కొడుక్కి అప్పగించే పనిలో ఉన్నాను. ఆ వీధిలో తెలుగులో బేరమాడేవాళ్ళు మేమిద్దరమే మిగిలినట్టుంది. ఆయన కోసం ఒక కాగితం రాసి ఉంచాను, మా షాపు బిల్లు పుస్తకంలోనే. ఇచ్చాను. కళ్ళజోడు పైకి తోసి గట్టిగా చదివాడు.

"అక్కర్లేని లోపరమైడ్, మూడేళ్ళు. ఇంజను దిగి ఇంట్లో కూర్చున్న రోజులు, నూట పదకొండు. ఆ రోజులకి రాని కిలోమీటర్ల డబ్బు. అబద్ధాలకోరన్న మాట, తొమ్మిది రోజులు. నడపని పాసింజరు బళ్ళు..." అక్కడ ఆగాడు. "ఇక్కడ ఖాళీ వొదిలీసేవేటి?"

"ఎన్నో తెలీదన్నయ్యా. తెలీని సరుకుకి అంకె ఎలా వెయ్యను?"

కాసేపు కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. జీతం మీద, నడిపిన దూరాన్ని బట్టి వచ్చే ఆ కిలోమీటర్ల డబ్బు నేను అంతకుముందు రెండుసార్లు ఇవ్వబోతే రెండుసార్లూ తోసేశాడు. ఈసారి కాగితాన్ని మాత్రం తోసెయ్యలేదు, కౌంటరు మీద నా ముందు పరిచాడు.

"జమ ఏదీ? మూడేళ్ళు నెయ్యేసుకుని తిన్నాను. అది రాయి."

రాశాను.

"బస్సులో రతన్‌పూర్. అదీ రాయి. నువ్వు కాయితం లాక్కోకపోతే ఆ డాక్టరు కాడికే ఎల్లకపోదును. అదీ రాయి."

అవీ రాశాను. రెండువైపులా మళ్ళీ మొదటినుంచి చూశాను. జమ వైపు ఉన్నవి మంచివే, నిజమైనవే. అవన్నీ కలిపినా అవతలి వైపు ఆ ఖాళీ గడి పూడలేదు. కింద 'బాకీ నాదే' అని రాసి సంతకం పెట్టాను.

"డిస్కౌంటు ఏటైనా పట్టుకోవా పాపా?"

"లేదన్నయ్యా," అన్నాను.